తరగతి: చైనా, సబ్జెక్టు: సంగీతం

పోయిన నెల మా వసుధక్క చాండ్లర్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ, నాకు సంబంధించినవని తను నిర్ణయించిన వస్తువులన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి పంపింది. అందులో నావి కానివే ఎక్కువ. ఒక ఎడమకాలి చెప్పు, ఎవరిదో శుభలేఖ, పని చెయ్యని కాలిక్యులేటరు, వాటి అడుగున బ్రౌన్ పేపరుతో అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి. అట్ట మీద తెల్ల లేబులు. లేబులు మీద మా దొడ్డమ్మ చేతిరాత. పేరు అన్నచోట ఖాళీ. తరగతి అన్నచోట 'చైనా'. సబ్జెక్టు అన్నచోట 'సంగీతం'. అది చూడగానే నా చెయ్యి దానంతట అదే తల మీదికి వెళ్ళింది. అక్కడిప్పుడు తడుముకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకప్పుడు ఉండేది.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి స్వయానా అక్క. తెనాలి హైస్కూల్లో లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. మా నాన్నకి ఏడాదికో ఊరు బదిలీ కావడంతో నేను ఆవిడ ఇంట్లోనే పెరిగాను, ఎనిమిదో తరగతిలో ఆవిడ ముందే కూర్చున్నాను. ఆ ఏడాది క్వార్టర్లీ పరీక్షలో నాకు లెక్కల్లో ముప్ఫై నాలుగు వచ్చాయి. పాసవడానికి ముప్ఫై అయిదు కావాలి. ఆ సాయంత్రం ఆవిడ నా పెరుగన్నంలో మాగాయ ముక్క వేస్తుంటే, అదును చూసి, "దొడ్డమ్మా, ఒక్క మార్కు" అన్నాను. "ముక్కయితే ఇంకోటి వేస్తాను. మార్కు కుదరదు. నీకు కలిపితే నలభై ఎనిమిది మందికీ కలపాలి" అంది. అని, నిజంగానే ఇంకో ముక్క వేసింది. సర్వీసు మొత్తమ్మీద ఆవిడ ఎవరికీ ఒక్క మార్కు కలిపిన దాఖలా లేదని ఊళ్ళో చెప్పుకునేవారు. చెప్పేవాళ్ళని బట్టి అది ఫిర్యాదుగానూ ఉండేది, పొగడ్తగానూ ఉండేది.

నేను చెబుతున్న వేసవికి నాకు ఇరవై ఏడేళ్ళు. పరదేశంలో, ఎడారి ఊరు చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని. అంటే తల నుంచి కాలి దాకా తెల్లటి సూటు తొడుక్కుని, ఒక మిషను తప్పు చెయ్యకుండా పన్నెండు గంటలు దాని మొహం చూస్తూ నిలబడడం. పడుకోవడానికి ఒక అపార్ట్‌మెంటు ఉండేది గానీ, భోజనం మాత్రం దొడ్డమ్మ కూతురు వసుధక్క ఇంట్లోనే. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. నా బయోడేటాలో చెప్పుకోదగ్గవి మూడే: ఉద్యోగం, వీసా, జుట్టు. మొదటిది మేనేజరు చేతిలో ఉండేది, రెండోది లాయరు చేతిలో. మూడోదొక్కటే నా అధీనంలో ఉండేది, అదీ తాత్కాలికంగా. మా వంశంలో ముప్ఫై దాటాక జుట్టు నిలిచిన మగవాడు లేడు. ఉన్నప్పుడే ఎవరో ఒకరికి చూపించెయ్యాలన్న తొందర నాకుండేది. నాలుగు సంబంధాలు ఫోటో దగ్గరే ఆగిపోయాయి. అయిదోది, దేశానికి అటు చివర మోరిస్‌విల్‌లో ఉండే శైలజ వాళ్ళది, ముందుకు కదిలింది. సెప్టెంబరులో ఒక శనివారం నేను వెళ్ళేట్టు, వాళ్ళు చూసేట్టు ఖాయమైంది. వాళ్ళకి పంపిన ఫోటోలో గాలి ఎడమ నుంచి వీస్తోంది. జుట్టు అద్భుతంగా వచ్చింది.

అదే వేసవిలో అక్కకి రెండో పాప పుట్టడంతో దొడ్డమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. వచ్చిన వారం లోపలే ఇంటికి టైంటేబుల్ వేసింది. ఉదయం పాప స్నానం, సాంబ్రాణి. పదింటికి పప్పు. పాపకి వేసిన సాంబ్రాణి, పోపులో వేసిన ఇంగువ కలిసి ఏసీ గొట్టాల్లోకి ఎక్కి, ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా ఏకకాలంలో గుడిలోనూ వంటింట్లోనూ ఉన్నట్టుండేది. మధ్యాహ్నం నాలుగింటికి కాఫీ. కాఫీ తరవాత ఏం చెయ్యాలో మాత్రం టైంటేబుల్లో లేదు. బయట ఫారెన్‌హీట్ లెక్కలో నూట పన్నెండు డిగ్రీలు. మనుషులు ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఇంట్లోకి తప్ప కనబడని వీధి. ఒకరోజు ఆవిడ గొడుగు వేసుకుని గేటు దాకా వెళ్ళి నిలబడితే, పక్కింటి గేటు దగ్గర ఇంకో గొడుగు నిలబడి ఉంది. ఆ గొడుగు కింద లిన్ గారు.

లిన్ గారు మా ఫ్యాక్టరీలోనే పనిచేసే డేవిడ్ వాళ్ళ అమ్మ. ఇంట్లో అతనికి వేరే పేరుంది. డేవిడ్ అన్నది మా మేనేజరు పలకడానికి వీలుగా పెట్టుకున్నది. ఆవిడకి చైనీస్ తప్ప రాదు. దొడ్డమ్మకి ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ, ఎదుటివాళ్ళకి రానప్పుడు తను మాత్రం ఎందుకు శ్రమపడాలని తెలుగులోనే మాట్లాడేది. మొదటిరోజే 'వదినగారూ' అని వరస కలిపేసింది. మర్నాడు ఒక స్టీలు డబ్బా నిండా జంతికలు వెళ్ళాయి. డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదన్న నియమం వాళ్ళ దేశంలోనూ ఉందని ఆ తరవాతి రోజు తెలిసింది. తెల్లటి ఆవిరి బన్నులు వచ్చాయి. లోపల ఏముందోనని దొడ్డమ్మ ముట్టుకోలేదు. పారేస్తే వదినగారికి అవమానం. ఆ సమస్యని మా బావ ప్రతివారం గరాజ్‌లోకి తీసుకెళ్ళి, ఒంటరిగా పరిష్కరించుకుని వచ్చేవాడు.

చైనాలో ఆ ఏడు ఆడపిల్లల పాటల పోటీ ఒకటి టీవీలో నడుస్తోంది. దేశం దేశమంతా శుక్రవారం సాయంత్రాలు పనులు మానుకుని చూస్తోందట. ఎవరు ఉండాలో, ఎవరు ఇంటికి పోవాలో జనం ఫోన్లలో మెసేజీలు పంపి తేలుస్తారు. ఇక్కడ చైనా సరుకుల కొట్టువాడు ఆ కార్యక్రమాన్ని డిస్కుల మీదికి ఎక్కించి అద్దెకిచ్చేవాడు. అవి పది, పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చేవి. డేవిడ్ శనివారం తెచ్చేవాడు, నాలుగున్నరకి లిన్ గారి సోఫాలో ఇద్దరూ కూర్చునేవారు. శనివారాలు నాకు సెలవు కాబట్టి డబ్బా మొయ్యడానికి నన్ను కూడా తీసుకెళ్ళేవారు. వాళ్ళిల్లు అల్లం, వెనిగరు, కొత్త తివాచీ కలిసిన వాసన వేసేది. లిన్ గారు పొద్దుతిరుగుడు గింజలు పంటితో చిట్లిస్తూ చైనీస్‌లో వ్యాఖ్యానం చెప్పేవారు. దొడ్డమ్మ తెలుగులో జవాబిచ్చేది. ఒక్కసారి కూడా ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదన్న అనుమానం వాళ్ళకి రాలేదు.

"ఆ పిల్ల మరీ అరుస్తోంది వదినగారూ."

లిన్ గారు ఏదో అన్నారు.

"అదే నేనూ అంటున్నది. గొంతు పాడైపోదూ?"

రెండో వారం నుంచి దొడ్డమ్మ నోట్‌బుక్కు, ఎర్ర పెన్నూ తెచ్చుకోవడం మొదలుపెట్టింది. శ్రుతికి అయిదు, లయకి అయిదు, ఉచ్చారణకి అయిదు, నడవడికకి అయిదు. మొత్తం ఇరవై. పక్కన 'కారణం' అని ఒక గడి. మార్కు తగ్గించినా, పెంచినా కారణం రాయాలి, అది ఆవిడ స్కూల్లో పెట్టిన రూలు. పోటీదారుల పేర్లు మాకెవరికీ నోరు తిరిగేవి కావు కాబట్టి జడపిల్ల, నవ్వులపిల్ల, ఎత్తుచెప్పులపిల్ల అని తనే నామకరణం చేసింది. వసుధక్క ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"అమ్మా, నీకు చైనీస్ రాదు కదా. ఉచ్చారణకి మార్కులెలా వేస్తున్నావ్?"

"తప్పు పలికినవాళ్ళ మొహం తెలుస్తుందే. ముప్ఫై ఏళ్ళు చూశాను."

లిన్ గారి అభిమానం మాత్రం కళ్ళజోడుపిల్ల మీద. బక్కగా ఉండేది, చొక్కా చేతులు పొడుగ్గా ఉండి వేళ్ళ మీదికి జారేవి, పాడేటప్పుడు ఎవరో పిలిచినట్టు పక్కకి చూసేది. ఆ పిల్లది లిన్ గారి సొంత ఊరని డేవిడ్ చెప్పాడు. ఊరంటే ఊరు కూడా కాదు, వీళ్ళ పాత ఇంటికి రెండు సందుల అవతల. ఆ పిల్ల తెర మీదికి రాగానే లిన్ గారు గింజలు తినడం ఆపేసేవారు. సెమీఫైనల్లో ఆ పిల్లకి ఓట్లు తగ్గాయి. ఇద్దరిని ముందుకి పిలిచి నిలబెట్టారు, ఒకరు ఇంటికి. యాంకరు కవరు తెరిచి, చదవకుండా అటూ ఇటూ చూసి, మళ్ళీ మూసి, చాలాసేపు బాధపెట్టాక చివరికి కళ్ళజోడుపిల్ల ఉంటుందని చెప్పాడు. అప్పటికే లిన్ గారు కళ్ళొత్తుకుంటున్నారు. ఇక మిగిలింది ఫైనలు. కళ్ళజోడుపిల్ల, ఎత్తుచెప్పులపిల్ల. దొడ్డమ్మ వదినగారి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. నేను ఓదార్పేమో అనుకున్నాను.

ఏమిటో భోజనాల దగ్గర తెలిసింది. నా కంచంలో బీరకాయ కూర వడ్డిస్తూ, ఇంకొంచెం నెయ్యి వెయ్యనా అన్నంత మామూలుగా చెప్పింది.

"ఆ పిల్ల ఫస్టొస్తే నీ తలనీలాలిస్తానని స్వామికి మొక్కుకున్నానురా, శేషూ."

"నా తలనీలాలా?"

"మరి? నాది ఇద్దామంటే వేలెడు లేదు. దీనికి పచ్చి బాలింత ఒళ్ళు. అల్లుడుగారికి..." అని బావ తలవైపు చూసి, మర్యాదకి ఆగిపోయింది. బావ గుండు మీద ట్యూబులైటు మెరిసింది. "ఇంట్లో ఇవ్వదగ్గది నీ ఒక్కడికే ఉంది."

"దొడ్డమ్మా, మూడు వారాల్లో మోరిస్‌విల్ వెళ్ళాలి నేను."

"వెళ్ళు. ఎవరొద్దన్నారు?"

బావ పప్పు కలుపుకుంటూ, "భయపడకు. రెండోరోజు నుంచి అలవాటైపోతుంది. నాకు పదకొండేళ్ళయింది, బానే ఉంది" అన్నాడు.

సోమవారం ఫ్యాక్టరీ క్యాంటీన్లో నాకు బుద్ధి తెలివిగా పనిచేసింది. డిస్కులు మనకి ఆలస్యంగా వస్తున్నాయి. అంటే ఫైనలు అక్కడ ఈపాటికి అయిపోయింది. నా జుట్టు భవిష్యత్తు చైనాలో ఎప్పుడో తేలిపోయింది, నాకే తెలియదు. డేవిడ్ పక్కన ట్రే పెట్టి కూర్చుని, ఎవరు గెలిచారని అడిగాను. అమ్మకి చెప్పకూడదని నా చేత రెండుసార్లు ఒట్టు వేయించుకుని, గొంతు తగ్గించి, ఎత్తుచెప్పులపిల్ల గెలిచిందన్నాడు. కళ్ళజోడుపిల్లది రెండో స్థానం. నేను విచారంగా మొహం పెట్టి, లేచి వెళ్ళి ఇంకో ఐస్‌క్రీమ్ తెచ్చుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. భయం పోయిన మనిషికి ఔదార్యం పుట్టుకొస్తుంది. ఆ వారమంతా నేను కళ్ళజోడుపిల్లకి వీరాభిమానినైపోయాను. శుక్రవారం భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, "దొడ్డమ్మా, ఆ పిల్ల ఫస్టొస్తే జుట్టొక్కటే ఏమిటి, మీసం కూడా ఇచ్చేస్తాను" అన్నాను. దొడ్డమ్మ గరిటె పట్టుకుని నావైపు కాసేపు చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగలేదు గానీ, తిరిగే ఆలోచన చేశాయి. "పెద్దవాడివయ్యావురా" అంది. ఇరవై ఏడేళ్ళలో ఆ మాట అనిపించుకోవడం అదే మొదలు.

శనివారం ఫైనలు. అందరం వెళ్ళాం. పాప కూడా. కళ్ళజోడుపిల్ల పాట సగంలో కళ్ళు చెమర్చి, అద్దాలకి ఆవిరి పట్టింది. ఆ పిల్ల పాట ఆపకుండానే కళ్ళజోడు తీసి, పొడుగు చేతుల చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆ తుడవడంలో ఒక చరణం తప్పింది. తరవాత అందుకుంది, అందుకున్న తీరు బాగుంది కూడా. నేను పాటల మనిషిని కాను. కానీ ఆ చివరి రెండు నిమిషాలూ, ఓడిపోతుందని డేవిడ్ కాక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఆ గదిలో కూర్చోవడం నాకు అంత హాయిగా అనిపించలేదు. ఎత్తుచెప్పులపిల్ల తప్పు లేకుండా పాడింది. ఓట్లు లెక్కించారు. రంగుకాగితాలు ఎత్తుచెప్పులపిల్ల మీద కురిశాయి.

లిన్ గారు ఏడవలేదు. సెమీఫైనల్లో ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఒళ్ళో గింజల గిన్నె పెట్టుకుని, ఆగిపోయిన తెరని చూస్తూ కూర్చున్నారు. డేవిడ్ ఏదో చెప్పబోతే చెయ్యి ఊపారు. దొడ్డమ్మ తలవంచుకుని నోట్‌బుక్కులో రాసుకుంటోంది. ఇరవై లోపు కూడికకి ఇంతసేపా అనుకున్నాను. చాలాసేపటికి పెన్ను మూత పెట్టి, వదినగారి మోకాలి మీద తట్టి, పుస్తకం ఆవిడ ముందు పెట్టి, కళ్ళజోడుపిల్ల గడి మీద వేలు పెట్టింది. తరవాత అదే వేలు ఎత్తి చూపించింది. ఒకటి.

"ఫస్టు. మీ పిల్లే ఫస్టు వదినగారూ. వాళ్ళ రిజల్టు తప్పు."

లిన్ గారు అంకె చూశారు, వేలు చూశారు, దొడ్డమ్మ మొహం చూశారు. మెల్లగా నవ్వు మొదలై, అది ఆగక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు. తరవాత ఏడ్చారు. నాకూ బాగానే అనిపించింది, దొడ్డమ్మ నావైపు తిరిగేదాకా.

"రేపు ఆదివారం. పొద్దున్నే గుడికెళ్దాం."

"ఓడిపోయింది కదా దొడ్డమ్మా."

"నా పుస్తకం ప్రకారం గెలిచింది. నేను మొక్కింది ఫస్టొస్తే అని."

"అన్ని లక్షల మంది ఓటేశారు."

"పరీక్ష హాల్లో పక్కవాళ్ళంతా చేతులెత్తితే ఫస్టిస్తామా?"

నాకు ఇంకో వాదన ఉంది. ఇప్పటికీ అది న్యాయంగా బలమైన వాదనేనని నమ్ముతాను. చెప్పకుండా ఉండాల్సింది. "నువ్వు మొక్కేనాటికే ఫలితం వచ్చేసింది దొడ్డమ్మా. అయిపోయిన పోటీకి మొక్కు చెల్లదు. సోమవారమే ఎత్తుచెప్పులపిల్ల గెలిచేసినట్టు..." అని అక్కడ ఆగాను. ఆగడం ఆలస్యమైంది. డేవిడ్ కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

"నీకు సోమవారమే తెలుసా?" అంది దొడ్డమ్మ.

నేనూ అదే కిటికీలోంచి బయటికి చూశాను.

"తెలిసే శుక్రవారం మీసం మొక్కావా?"

వసుధక్క పాపని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, నవ్వుకోవడానికి. దొడ్డమ్మ నన్ను తిట్టలేదు. పేపరు లీకైన సంగతి విన్న హెడ్‌మిస్ట్రెస్ ఎలా చూస్తుందో అలా చూసి, "వాదనలు అయిపోయాయి" అంది.

గుడి ఎడారి అంచున ఉండేది, గంట ప్రయాణం. పూజారిగారు తలనీలాల సంగతి విని, ఇక్కడ మంగలి లేడండీ, మూడు కత్తెర్లు వేస్తాను, మిగతాది ఇంట్లో కానిచ్చుకోండి, స్వామి ఏమీ అనుకోడు అన్నారు. ఏ పోటీకి మొక్కో దొడ్డమ్మ వివరిస్తే, ఆయన చివరిదాకా విని, నా వైపు సానుభూతిగా చూశారు. మిగతాది పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో జరిగింది. ట్రిమ్మరు బావది, అనుభవమూ బావదే. "ఇక్కడ కొంచెం గుంట ఉంది రా నీకు" అంటూ, చాలాకాలానికి ఇంట్లో ఒక తోడు దొరికినవాడి ఉత్సాహంతో చేశాడు. మీసం ఆఖర్న పోయింది. లిన్ గారు కోసిన పుచ్చకాయ ముక్కలు పళ్ళెంలో పట్టుకొచ్చి, గోడ నీడలో నిలబడి మొత్తం చూశారు. డేవిడ్ అంతా చెప్పినట్టున్నాడు. అయిపోయాక దగ్గరికొచ్చి, నా నున్నటి తలని రెండు చేతులతో పట్టుకుని, తన నెత్తిమీది పూల టోపీ తీసి నాకు పెట్టారు. ఆ ఎండలో అది అవసరమే. మోరిస్‌విల్ విమానం కూడా ఆ టోపీతోనే ఎక్కాను.

తలుపు తీసిన శైలజ వాళ్ళ నాన్నగారు టోపీ చూసి, నేను తీశాక తల చూసి, గొంతు బాగా తగ్గించారు.

"ఎవరు బాబూ, పోయింది?"

"ఎవరూ పోలేదండీ. మొక్కు."

"ఏం మొక్కు?"

అబద్ధమాడదామంటే రెండు వారాల కిందటి అనుభవం అడ్డొచ్చింది. మొత్తం చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన కాఫీ చల్లారింది. శైలజ ఒక్కటే ప్రశ్న అడిగింది: "ఆ అమ్మాయి నిజంగా బాగా పాడిందా?" పాడింది అన్నాను. మీసం సంగతి కూడా చెప్పినందుకు ఒప్పుకున్నానని పెళ్ళయ్యాక చెప్పింది. అందరు పెళ్ళికొడుకులూ ముందు మంచి మాలు చూపించి తరవాత వేరేది ఇస్తారు, నీ ఒక్కడి దగ్గరే అసలు సరుకు మొదటిరోజే చూశాను అని ఇప్పటికీ అంటుంటుంది. జుట్టు మళ్ళీ వచ్చింది గానీ, మనసు పెట్టి రాలేదు. రెండేళ్ళకి వెళ్ళిపోయింది.

దొడ్డమ్మ నవంబరులో తెనాలి వెళ్ళిపోయింది. ఆ చలికాలమే డేవిడ్‌కి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి లిన్ గారూ వెళ్ళిపోయారు. ఆ తరవాత ఒకే ఒకసారి, నేనూ డేవిడ్ కలిసి వాళ్ళకి ఫోను కలిపాం. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, ఎవరి భాషలో వాళ్ళు. పెట్టేశాక ఏమన్నారు దొడ్డమ్మా అని అడిగితే, "మోకాళ్ళ నెప్పులట" అంది. డేవిడ్‌ని అడిగాను. నిజమే.

ఇప్పుడు కావలసిన పోటీ కావలసిన క్షణంలో ఫోనులో వస్తుంది. మా పిల్లలు ఫలితం ముందు చూసి, నచ్చితే పాట వింటారు. పది రోజుల కిందటే ఓడిపోయిన పిల్ల కోసం ఒక గదిలో ఇద్దరు ముసలమ్మలు ఊపిరి బిగబట్టి కూర్చోవడం వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. దొడ్డమ్మ పోయి నాలుగేళ్ళయింది. లిన్ గారి సంగతి తెలియదు.

నోట్‌బుక్కు చివరి పేజీ తీశాను. ఎత్తుచెప్పులపిల్లకి పద్ధెనిమిది. కారణం: 'చెప్పులు అనవసరం'. కళ్ళజోడుపిల్లకి పదిహేడు. కారణం: 'ఒక చరణం వదిలింది'. ఆ పదిహేడు మీద ఎర్రగీత ఒకటి అడ్డంగా పోయి, పక్కన పంతొమ్మిది వేసి ఉంది. దిద్దినచోట రూలు ప్రకారం పూర్తి సంతకం. శైలజకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, నా తలవైపు చూసింది.

"అయితే నీ గుండు చెల్లదన్నమాట."

"చెల్లదు."

"అప్పీలు చేస్తావా?"

పేజీని మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను. ముప్ఫై నాలుగు దగ్గర మాగాయ ముక్క ఇచ్చి పంపిన చెయ్యి అది. పంతొమ్మిదికి రాసిన రెండో కారణం గడిలో ఒకే ఒక్క మాట ఉంది, గుండ్రటి అక్షరాల్లో, ఏ అనుమానానికీ తావు లేకుండా: 'వదినగారు'. నా జుట్టు ప్రస్తావన ఆ పేజీలో ఎక్కడా లేదు.